తుఫాను మనదాకా రాదా? దక్షిణ తెలంగాణలో అపోహలు - వాస్తవాలు

అపోహ: తుఫాను కోస్తావాళ్ల బాధ. మనకు రెండు రోజుల ముసురు, అంతే.

తీరం దాటాక గాలి జోరు తగ్గుతుంది గానీ వాన తగ్గాలని లేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను ఆంధ్ర తీరం దాటితే, మర్నాడు దేవరకొండ, అచ్చంపేట వైపు కుండపోత కురిసింది. 1977 దివిసీమ ఉప్పెన వేల మందిని మింగింది. ఇప్పుడు అక్కడ హెచ్చరిక రాగానే ఊళ్లు ఖాళీ చేస్తున్నారు, చావులు బాగా తగ్గాయి. మన దగ్గరేమో "గిసొంటి వానలు ఎన్ని సూడలే" అంటారు.

అపోహ: మా ఊరి వాగే, మోకాలు లోతు లేదు, బండి పోతది.

మనిషిని పడేసేది లోతు కాదు, వడి. ఉరవడి ఉంటే జానెడు లోపు నీళ్లే కాళ్లు లాగేస్తాయి. అడుగు నీళ్లలో చిన్న కారు తేలుతుంది, రెండడుగులైతే దాదాపు ఏ బండైనా కొట్టుకుపోతుంది. ట్రాక్టరు బరువుగా ఉన్నా, పక్కనుంచి నీళ్లు తోస్తే ట్రాలీ తిరగబడుతుంది. కాజ్‌వే, అంటే వాగుకు అడ్డంగా వేసిన ఎత్తు తక్కువ రోడ్డు మీద ఇంకో గండం: దిగువ అంచున రోడ్డు కింద మట్టి కోసుకుపోయి ఉంటుంది, బురద నీళ్లలో అది కనిపించదు. పైగా మనవి గొలుసుకట్టు చెరువులు, ఒకటి నిండితే నీళ్లు కిందిదానికి పోతాయి. ఎగువన ఒక కట్ట తెగితే, ఇక్కడ వాన వెలిశాక కూడా వాగు ఒక్కసారిగా పెరుగుతుంది. కారు నీళ్లలో ఆగిందా, ముందు అద్దం దించి బయటపడాలి. నీళ్లు తలుపు సగానికొచ్చాక తలుపు తెరుచుకోదు.

అపోహ: వాన తెరిపిచ్చింది, ఇక మట్టి మిద్దెలో పడుకోవచ్చు.

పది బై పది గది మీద అర అడుగు మట్టి నానితే సుమారు నాలుగు క్వింటాళ్ల బరువు పెరుగుతుంది. గోడ మొదలు నాని, దూలం ఆనిన చోట కుంగుతుంది. వాన ఆగిన రెండు మూడు రోజులకు కూలే గోడలూ ఉన్నాయి. నెర్రెలు వెడల్పవడం, గోడ ఉబ్బడం, తలుపు బిగుసుకోవడం, పైనుంచి మట్టి రాలడం, ఇందులో ఏ ఒక్కటి కనిపించినా ఆ రాత్రి బడిలోనో పంచాయతీ భవనంలోనో పడుకోండి. టార్పాలిన్ గోడ దాటి వేలాడాలి, లేదంటే నీళ్లన్నీ గోడ మొదట్లోకే దిగుతాయి.

అపోహ: వాగు కాడి మోటరు తీసుకొని ఐదు నిమిషాల్ల వస్త.

హెచ్చరిక వచ్చిన రోజే, వాగు పెరగకముందే తీసుకోండి. తడిసిన స్టార్టరు డబ్బా ముట్టొద్దు, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు సొంతంగా పీకొద్దు. కరెంటు ఆఫీసు నంబరు 1912కు ఫోన్ చేసి లైన్‌మన్‌ను పిలవండి. మోటరు మునిగితే వైండింగ్ చేయించుకోవచ్చు.