ప్రెస్ నోటుకు ముందు మూడు ఊపిరులు

బరంపురంలో ప్రజాసంబంధాల పని చేస్తున్నాను. ఒకే కబురును ఒడియాలో, తెలుగులో, ఇంగ్లీషులో రాసి పత్రికలకు పంపడమే రోజూ ఉండే పని. మన పనిలో మైండ్‌ఫుల్‌నెస్ (చేసే పనిమీద ఎరుకతో ఉండటం) ఏమిటని తోటివాళ్లు నవ్వుతుంటారు. ఒకప్పుడు నేనూ నవ్వినవాణ్నే.

అపోహ: కళ్లు మూసుకుని మనసును ఖాళీ చేసుకోవాలి.

వాస్తవం: ఖాళీ అయితే ఉద్యోగం ఊడుతుంది. ధ్యాస ఎటు పోయిందో గమనించి వెనక్కి తెచ్చుకోవడమే ఎరుక. విలేకరి ప్రశ్న ముగియకముందే నా నోట్లో జవాబు సిద్ధంగా ఉండేది. ఇప్పుడు ఆ ప్రశ్నను ఆయన మాటల్లోనే కాగితంమీద రాసుకున్నాకే నోరు విప్పుతున్నాను.

అపోహ: పత్రికలు ఆగవు, మనకు ఆగే తీరిక లేదు.

వాస్తవం: ఒకసారి సభ ముగియకముందే ఒడియా నోటు పంపేయాలన్న ఆత్రంలో, ఛైర్మన్ గారి 'ఉపన్యాసం' అందరినీ ఆకట్టుకుందని రాశాను. ఒడియాలో ఉపన్యాసమంటే నవల! ప్రసంగాన్ని 'భాషణ' అనాలి. పావుగంటలో ఒక విలేకరి ఫోను: "నవల పేరేమిటి సార్? వెల ఎంత?" సవరణ పంపి, అందరికీ పేరుపేరునా ఫోన్ చేసేసరికి గంటన్నర పట్టింది. మూడుసార్లు ఊపిరి పీల్చి వదలడానికి పట్టేది పావు నిమిషం. అప్పటినుంచి నోటు పంపేముందు ఫోను బల్లమీద పెట్టి, ఆ మూడు ఊపిరులయ్యాక పేర్లు, అంకెలు, రెండు భాషల్లో రెండు అర్థాలిచ్చే మాటలు బయటికి చదువుకుంటున్నాను.

అపోహ: ఇది విదేశీ ఫ్యాషన్.

వాస్తవం: 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబత్-జిన్ దీన్ని ఎనిమిది వారాల శిక్షణగా మలిచిన మాట నిజమే. మూలం మాత్రం బౌద్ధుల 'సతి', పాళీ భాషలో ఎరుక అని అర్థం. మా గంజాం జిల్లాలో, ఋషికుల్య నది దగ్గర జౌగడ బండమీద అశోకుడు సమాపా నగర అధికారులకు చెక్కించిన ఉత్తర్వు ఉంది. అసూయ, కోపం, తొందరపాటు, బద్ధకం వద్దన్నాడు. ఇవేవీ దరిచేరకుండా ఉండడానికి మూలం కోపమూ తొందరా లేకపోవడమేనన్నాడు. అది ధ్యానపాఠమేమీ కాదు, పరిపాలన వ్యవహారం. అందుకే నాకు మరింత నచ్చింది.

అపోహ: అలవాటైతే ఒత్తిడే ఉండదు.

వాస్తవం: ఉంటుంది. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో 'అర్జెంటు' అని పెట్టే పై అధికారికి విరుగుడు ఊపిరి కాదు, ఆ రాత్రి డ్యూటీ ఎవరిదో రాసిపెట్టిన పట్టిక. పని తగ్గించకుండా ధ్యాన శిక్షణ పెట్టించే యాజమాన్యాలంటే నాకు చిరాకు. మా ఆఫీసులో ఆ పట్టిక గోడకెక్కడానికి ఏడాది పట్టింది. పండుగ రోజుల గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.