దౌత్యం వదిలి నాటకంలోకి: నేను తరచూ వినే అపోహలు

విదేశాంగ శాఖలో పనిచేసి ఇప్పుడు నాటకాలు రాస్తూ, దర్శకత్వం చేస్తున్నానంటే దాదాపు అందరూ ఇవే మాటలంటారు. అందుకే ఒకచోట రాస్తున్నాను.

అపోహ: దౌత్యవేత్తలు ఎలాగూ నటిస్తూనే ఉంటారు, వాళ్లకి నాటకం తేలిక.

వాస్తవం: దౌత్యంలో మా పనల్లా గొడవ ముదరకుండా చూడటం. ఒప్పందం ముసాయిదాలో కుదరని మాటను చదరపు బ్రాకెట్లలో పెట్టి ముందు మిగతావి తేల్చుకుంటాం, ఆ బ్రాకెట్లు నెలల తరబడి అలాగే ఉన్నా ఎవరూ కంగారుపడరు. నాటకానికి వచ్చేవాళ్లు ఆ బ్రాకెట్లలోని మాట కోసమే టికెట్ కొని కూర్చుంటారు. శ్రీకృష్ణుడి రాయబారం ఫలించి ఉంటే ఆ ఘట్టాన్ని ఇన్నాళ్లు ఎవరు చూసేవారు? నాటకాలు రాసే దౌత్యవేత్తల తొలి రచనల్లో పాత్రలన్నీ మర్యాదగా ఒకరి మాట ఒకరు ఒప్పుకుంటూ పోతాయి, చదవడానికి బావుంటుంది కానీ స్టేజీ మీద ప్రాణం ఉండదు.

నిజంగా పనికొచ్చేది వినడం. సమావేశం అయ్యాక నోట్ రాసేటప్పుడు ఎవరేమన్నారో రాయడం సులువే. ఎవరు ఏ ప్రశ్న దగ్గర మాట మార్చారు, ‘పరిశీలిస్తాం’ అన్నది అవునా కాదా అన్నది పట్టుకోవడమే కష్టం. రిహార్సల్లో నటీనటుల్ని నేను మొదట అడిగేది కూడా అదే: ఈ డైలాగులో మీ పాత్ర ఏది చెప్పకుండా దాటేస్తోంది?

అపోహ: తెర వెనక సంగతులు తెలుసుగా, అవి రాస్తే చాలు.

వాస్తవం: రాయకూడదు. గోప్యత ఉద్యోగంతో ముగిసిపోదు. అసలు ఆ అవసరమూ లేదు. ఫ్రాన్స్ విదేశాంగ శాఖలో ఉంటూనే నాటకకర్త జాఁ జిరోదూ 1935లో, యూరప్ మళ్లీ యుద్ధం వైపు జారుతున్న రోజుల్లో, తన నాటకానికి గ్రీకు పురాణంలోని ట్రాయ్ యుద్ధ కథ తీసుకున్నాడు. యుద్ధం ఆపాలని ట్రాయ్ యువరాజు హెక్టర్ తాపత్రయపడటం, గ్రీకుల తరఫున వచ్చిన యులిసెస్‌తో మాట్లాడటం, అయినా పరిస్థితి చేజారిపోవడం. చర్చలు ఎలా విఫలమవుతాయో చూపడానికి ఆయనకి ఒక్క రహస్య పత్రం కూడా అక్కర్లేకపోయింది.

అపోహ: ఇదంతా రిటైరయ్యాక కాలక్షేపం.

వాస్తవం: జిరోదూ మొదటి నాటకం 1928లో, ఉద్యోగంలో ఉండగానే వచ్చింది. టోక్యోలో, వాషింగ్టన్‌లో రాయబారిగా చేసిన ఫ్రెంచి నాటకకర్త పాల్ క్లోదెల్ కూడా ఉద్యోగంలో ఉంటూనే నాటకాలు రాశాడు.

అపోహ: పరిచయాలుంటే ప్రదర్శనలు వాటంతట అవే దొరుకుతాయి.

వాస్తవం: పరిచయాలు అన్నిచోట్లా పనిచేయవు. రష్యా దౌత్యవేత్త, నాటకకర్త గ్రిబొయెదోవ్ తన గొప్ప హాస్యనాటకాన్ని సెన్సార్ పుణ్యమా అని పూర్తిగా అచ్చులో చూసుకోకుండానే 1829లో టెహ్రాన్‌లో హత్యకు గురయ్యాడు.

అపోహ: రాయబారిగా చేసినవాళ్లకి దర్శకత్వం అలవాటైన పనే.

వాస్తవం: చర్చలు ఎటూ తెగకపోతే రాయబారి, రాజధానిని అడిగి చెబుతానని లేచి వచ్చేయొచ్చు. దర్శకుడికి ఆ వెసులుబాటు లేదు. ‘ఇక్కడ నేనెందుకు వెళ్లిపోతాను?’ అని నటి అడిగితే కారణం అప్పుడే, ఆ గదిలోనే దొరకాలి, దొరక్కపోతే ఆ సీను మళ్లీ రాసుకోవాలి.