గ్యాస్ మెంబ్రేన్ల మీద పూత: అపోహలు - వాస్తవాలు

అపోహ: మెంబ్రేన్ (వాయువుల్ని విడదీసే పలుచని పొర) ఒక జల్లెడ. చిన్న అణువులు దాటతాయి, పెద్దవి ఆగిపోతాయి.

వాస్తవం: వాయువుల్ని విడదీసే మంచి పాలిమర్ (ప్లాస్టిక్, రబ్బరు లాంటి పదార్థం) పొరలో రంధ్రాలు ఉండకూడదు. వాయువు పాలిమర్‌లో కరిగి, దాని అణువుల గొలుసుల మధ్య సందుల్లోంచి నెమ్మదిగా జరిగి, అవతలి వైపు బయటపడుతుంది. రబ్బరు పొరను నైట్రోజన్ కంటే ఆక్సిజన్ త్వరగా దాటుతుందని థామస్ గ్రాహం 1866లోనే చూపించి, కారణం కూడా ఇదేనన్నాడు. అణువు పరిమాణం లెక్కలోకి వస్తుంది, కానీ అదొక్కటే కాదు. బ్యూటేన్ అణువు నైట్రోజన్ కంటే పెద్దది. అయినా సిలికాన్ రబ్బరులో బాగా కరుగుతుంది కాబట్టి ఎన్నో రెట్లు వేగంగా దాటేస్తుంది.

అపోహ: వాయువుల్ని వేరు చేసేది పైన వేసిన పూతే.

వాస్తవం: నన్ను ఎక్కువమంది అడిగేది దీని గురించే. జవాబు మెంబ్రేన్‌ను బట్టి మారుతుంది. 1980 ప్రాంతంలో మోన్‌శాంటో కంపెనీలో హెనిస్, ట్రిపోడి అనే పరిశోధకులు తెచ్చిన హాలో ఫైబర్లనే (లోపల బోలుగా ఉండే సన్నని పోగులు) చూడండి. వాటిలో వేరుచేసే పని పాలీసల్ఫోన్ అనే పాలిమర్‌ది. ఆ పోగు పైనుండే పలుచని పొర (చర్మం) మందం సుమారు 0.1 మైక్రాన్. అంత పలుచగా తీస్తే ఎక్కడో ఒకచోట సూదిబెజ్జం పడక మానదు. విస్తీర్ణంలో పది లక్షలో ఒక వంతు బెజ్జాలున్నా చాలు, వాయువులు కలగలిసి వాటిలోంచే పోతాయి, సెలెక్టివిటీ (ఒక వాయువును మరోదానికంటే ఎన్ని రెట్లు వేగంగా దాటనిస్తుందనే అంకె) పడిపోతుంది. సిలికాన్ రబ్బరు పూత ఆ బెజ్జాలను పూడుస్తుంది, అంతే.

ఈ ఆలోచనలోని అందం లెక్క వేస్తే తెలుస్తుంది. ఆక్సిజన్‌కు సిలికాన్ రబ్బరు పర్మియబిలిటీ (వాయువును దాటనిచ్చే గుణం) దాదాపు 600 బేరర్లు (దాని కొలమానం), పాలీసల్ఫోన్‌ది 1.4. అంటే చర్మం కంటే పది రెట్లు మందంగా, ఒక మైక్రాన్ పూత వేసినా అదనంగా వచ్చే నిరోధం రెండు మూడు శాతమే. సిలికాన్ రబ్బరు సొంత సెలెక్టివిటీ ఆక్సిజన్-నైట్రోజన్‌కు రెండు చిల్లర. పాలీసల్ఫోన్‌ది ఐదున్నర దాకా ఉంటుంది. పూత పడ్డాక ఫైబర్ ఈ రెండో అంకెకు దగ్గరగా వస్తుంది.

పూతే విడదీసే రకం కూడా ఉంది: రంధ్రాలున్న ఆధారం మీద పలుచని పొర వేసే కాంపోజిట్లు. అక్కడ పూత మందం రెట్టింపైతే ప్రవాహం దాదాపు సగమవుతుంది. అందుకే ఎవరైనా పూత మందం చెబితే, అది ఏ పని చేసే పూతో ముందు అడుగుతాను.

అపోహ: సెలెక్టివిటీ పెంచుతూ పోతే ఒక్క దఫాలోనే శుద్ధమైన వాయువు వస్తుంది.

వాస్తవం: పీడనాల నిష్పత్తి అడ్డుపడుతుంది. ఇవతలి పీడనం అవతలి దానికి ఐదు రెట్లుంటే, ఇవతలి మిశ్రమంలో 10 శాతం ఉన్న కార్బన్ డయాక్సైడ్ వాటా, ఎంత గొప్ప పొర దాటినా, అవతల 50 శాతం మించదు. అవతల పూర్తి శూన్యం ఉన్నా, పాలీసల్ఫోన్ గాలి నుంచి ఒక దఫాలో 60 శాతానికి మించి ఆక్సిజన్ ఇవ్వలేదు. దాటకుండా మిగిలే నైట్రోజన్‌ను మాత్రం 99 శాతం దాకా తీసుకెళ్లొచ్చు, దిగుబడి తగ్గినా ఫర్వాలేదనుకుంటే.

అపోహ: ఒక్కో వాయువుతో విడిగా కొలిచిన అంకెలు మిశ్రమానికీ వర్తిస్తాయి.

వాస్తవం: ఎక్కువ పీడనంలో కార్బన్ డయాక్సైడ్ పాలిమర్‌ను ఉబ్బించి గొలుసుల్ని వదులు చేస్తుంది. అప్పుడు మీథేన్ కూడా సులువుగా జారిపోతుంది. సహజవాయువు శుద్ధికి మెంబ్రేన్ ఎంచుకునేవారు అసలు మిశ్రమంతో, అసలు పీడనం దగ్గర తీసిన ఫలితాలే అడగాలి.