థానేదార్ గెలిచారు కదా, గ్రీన్ కార్డుతో ఓటేయొచ్చా? (అపోహలు - వాస్తవాలు)

మిషిగన్‌లో ఒక ఇమిగ్రేషన్ లాయర్ ఆఫీసులో పదహారేళ్లుగా పారాలీగల్‌గా పనిచేస్తున్నాను. ఎన్నికలు దగ్గరపడితే చాలు, మనవాళ్ల నుంచి ఒకటే ప్రశ్న. "అక్కా, శ్రీ థానేదార్ కూడా ఇండియాలో పుట్టినాయనే కదా. ఆయన ఏకంగా అమెరికా కాంగ్రెస్‌లో (ఇక్కడి పార్లమెంటులో) కూర్చుంటే, పదేళ్లుగా ట్యాక్సులు కడుతున్న మేం ఓటు కూడా వేయకూడదా?" పోయిన వారం కూడా ఇద్దరు అడిగారు. అందులో ఒకాయన అప్పటికే ఓటరుగా నమోదైపోయి ఉన్నాడు. అందుకే ఇది రాస్తున్నాను.

థానేదార్ గురించి మనవాళ్లు చెప్పుకునే కథ చాలావరకు నిజమే. (శ్రీ అన్నది ఆయన పేరే, గౌరవానికి ముందు తగిలించింది కాదు.) 1955లో కర్ణాటకలోని చిక్కోడిలో పుట్టి, బెళగావిలో పెరిగారు. ఇంట్లో మరాఠీ. ముంబైలో ఎమ్మెస్సీ చేసి, బాబా అణు పరిశోధన కేంద్రంలో పనిచేసి, 1979లో అమెరికా వచ్చారు. 1982లో అక్రన్ యూనివర్సిటీ నుంచి కెమిస్ట్రీలో పీహెచ్‌డీ. సెయింట్ లూయిస్‌లో కొన్నాళ్లు ఉద్యోగం చేసి, కెమిర్ అనే చిన్న ల్యాబ్‌ను 75 వేల డాలర్లకు కొన్నారు. దాన్ని పెద్దది చేశారు, ఇంకా కంపెనీలు కొన్నారు, అప్పులూ పెరిగాయి. 2010లో బ్యాంకు అంతా స్వాధీనం చేసుకుంది. అప్పుడు ఆయనకు 55 ఏళ్లు. మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్ వచ్చి అవోమీన్ అనే ఇంకో ల్యాబ్ మొదలుపెట్టారు. 2016లో అందులో ఎక్కువ వాటా అమ్మేశారు. 2018లో గవర్నర్ పదవికి డెమోక్రటిక్ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) దిగి మూడో స్థానంలో నిలిచారు. 2020లో రాష్ట్ర ప్రతినిధుల సభకు, 2022లో డెట్రాయిట్ ప్రాంతపు 13వ డిస్ట్రిక్ట్ నుంచి కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు.

ఈ కథ చెప్పేవాళ్లంతా మధ్యలో ఒక ఏడాదిని వదిలేస్తారు. అది 1988. ఆయనకు అమెరికా పౌరసత్వం వచ్చింది ఆ ఏడాదే. అంటే కంపెనీ కొనకముందే ఆయన పౌరుడు. 2018లో ఓట్లు అడిగేనాటికి పౌరసత్వం వచ్చి ముప్పై ఏళ్లు. ఆయన్ని చూపించి "మనకీ హక్కుంది" అనేవాళ్లు ఈ ఒక్క ముక్క చూసుకుంటే నాకు సగం ఫోన్లు తగ్గుతాయి.

అపోహ: గ్రీన్ కార్డు ఉంటే ఓటరుగా నమోదు కావచ్చు, ఓటేస్తే ఏమీ కాదు.

వాస్తవం: చాలా అవుతుంది. ఓటరు ఫారంలో అన్నిటికంటే పైనుండే ప్రశ్న, మీరు అమెరికా పౌరులా అని. గ్రీన్ కార్డు ఉన్న మనిషి అక్కడ "అవును" అని టిక్ పెట్టి సంతకం చేస్తే అది అబద్ధపు పౌరసత్వ ప్రకటన. 1996 సెప్టెంబర్ 30 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం దానికి దేశం నుంచి పంపేయొచ్చు. మినహాయింపులు చాలా అరుదు. ఇంకే తప్పుకైనా మా లాయర్ ఏదో ఒక దారి వెతుకుతారు. ఇది అనగానే కుర్చీలో వెనక్కి వాలిపోతారు. తెలియక చేశాను అంటే వినేవాళ్లు తక్కువ. నిజంగా ఓటు కూడా వేస్తే అది వేరే నేరం. పౌరసత్వానికి పెట్టే ఎన్-400 ఫారంలో "ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటు వేశారా" అని సూటిగా అడుగుతారు. అక్కడ దాచిపెడితే ఇంకో అబద్ధం అవుతుంది.

"మేరీలాండ్‌లో మా బావమరిది వాళ్ల ఊళ్లో వేయనిస్తారట" అంటారు. అక్కడ టకోమా పార్క్ లాంటి కొన్ని ఊళ్లలో, ఊరి ఎన్నికలకు మాత్రమే, పౌరులు కానివాళ్లను కూడా ఓటేయనిస్తారు. నిజమే. మిషిగన్‌లో అలాంటిది లేదు. ఎక్కడో ఒక ఊరి రూలు వాట్సాప్‌లో దేశం మొత్తం రూలు అయిపోతోంది. ఇది చూస్తే నాకు నిజంగా ఒళ్లు మండుతుంది, ఎందుకంటే పంపినవాడికి ఏమీ కాదు, నమ్మినవాడికి బతుకు తలకిందులవుతుంది.

ఒక కుర్రాడి సంగతి చెప్తాను. 2018లో టీవీలో థానేదార్ ప్రకటనలు చూసి పొంగిపోయాడు. మన ముఖం, మన యాస. ఏదో పండగ కార్యక్రమంలో టేబుల్ దగ్గర ఎవరో ఫారం ఇస్తే నింపేశాడు. ఆగస్టులో ప్రైమరీలో ఓటేశాడు, స్టిక్కర్ చొక్కాకి పెట్టుకుని ఫొటో కూడా తీసుకున్నాడు. పౌరసత్వానికి అప్లై చేద్దామని మా దగ్గరికి వచ్చి, సరదాగా ఆ ఫొటో నాకు చూపించాడు. నేను లేచి లాయర్ గది తలుపు తట్టాను. ఎన్-400 వేయొద్దని, దేశం దాటి వెళ్లొద్దని ఆయన చెప్పారు. ఇప్పటికీ అతను గ్రీన్ కార్డు మీదే ఉన్నాడు. వాళ్ల నాన్నగారి సంవత్సరీకం ఫోన్‌లో చూశాడు. ఆ పిల్లాడు చెడ్డవాడు కాదు. ఆనందంలో ఒక టిక్ పెట్టాడు.

పెద్దవాళ్ల విషయంలో ఇంకో చిక్కు. మన దగ్గర ఓటరు కార్డు అంటే గుర్తింపు కార్డు. బ్యాంకులో అదే, సిమ్ కార్డుకి అదే. కాబట్టి ఇక్కడ కూడా అది ఉండటం మంచిదే అనుకుంటారు. తెనాలి దగ్గర రిటైరైన మాస్టారు ఒకరు కొడుకు ద్వారా గ్రీన్ కార్డు మీద వచ్చారు. ఐడీ కార్డు కోసం వెళ్తే కౌంటర్లో ఆవిడ గబగబా ఏదో అడిగింది, ఈయన తలూపారు. 1993 నాటి ఓటరు నమోదు చట్టం వల్ల డ్రైవింగ్ లైసెన్సు, ఐడీ కార్డు పనితో పాటే ఓటరు నమోదు కూడా జరిగిపోయే వీలుంది. కొన్ని వారాలకు ఓటరు కార్డు పోస్టులో వచ్చింది. మాస్టారు దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పాస్‌పోర్టుతో పాటు దేవుడి గూట్లో దాచారు. రెండేళ్ల తర్వాత పౌరసత్వానికి అప్లై చేయడానికి వచ్చి, దాన్ని నా టేబుల్ మీద పెట్టి, "అమ్మా, ఇది కూడా జత చేయండి, బలంగా ఉంటుంది" అన్నారు. నాకు మాట రాలేదు.

అదృష్టం, ఆయన ఎప్పుడూ ఓటు వేయలేదు. సిటీ క్లర్క్ దగ్గర్నుంచి ఆయన నమోదు కాగితాల కాపీ తెప్పించాం. పౌరుడా అన్న చోట గడి ఖాళీగా ఉంది, టిక్ లేదు. నమోదు రద్దు చేయించి, ఆ కాపీ జత చేసి, జరిగింది జరిగినట్టు రాసి పెట్టాం. ఇంటర్వ్యూ రోజున మాస్టారి చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆఫీసరు ఆ కాగితం రెండుసార్లు చదివాడట. పౌరసత్వం వచ్చింది. ఆ గడిలో గీత ఉండి ఉంటే ఇదే కథ వేరేగా ఉండేది.

కోర్టులో జ్యూరీగా కూర్చోమని వచ్చే జ్యూరీ డ్యూటీ లెటర్ కూడా ఇలాంటిదే. మిషిగన్‌లో ఆ పేర్లు లైసెన్సుల జాబితా నుంచే తీస్తారు, కాబట్టి గ్రీన్ కార్డు వాళ్లకీ వస్తుంది. టెన్షన్ పడి చించేయొద్దు. పౌరుడిని కాను అని టిక్ పెట్టి తిప్పి పంపండి, అంతే.

అపోహ: పౌరసత్వం వచ్చిన మర్నాడే పోటీ చేయొచ్చు.

వాస్తవం: పదవిని బట్టి ఉంటుంది. ప్రతినిధుల సభకు పౌరసత్వం వచ్చి 7 ఏళ్లు, సెనేట్‌కు 9 ఏళ్లు నిండాలి. ఆ తేదీల పట్టింపు ఎంతో తెలియాలంటే దలీప్ సింగ్ సౌంద్‌ని గుర్తుచేసుకోవాలి. 1920లో పంజాబ్ నుంచి వచ్చి, బర్క్‌లీలో లెక్కల్లో పీహెచ్‌డీ చేసి, కాలిఫోర్నియాలో వ్యవసాయం, తర్వాత ఎరువుల వ్యాపారం చేసినాయన. 1946 దాకా భారతీయులకు పౌరసత్వం వచ్చే దారి దాదాపు లేదు. చట్టం మారాక 1949లో ఆయనకు వచ్చింది. 1950లో వెస్ట్‌మోర్లాండ్‌లో జడ్జిగా గెలిచారు. పౌరుడై ఏడాది కాలేదని పదవి ఇవ్వలేదు. 1952లో మళ్లీ నిలబడి గెలిచారు, 1956లో కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు. ఆసియా మూలాలున్న మొదటి సభ్యుడు ఆయనే.

అపోహ: బయట పుట్టినవాళ్లు పెద్ద పదవులకు రాలేరు. ప్రెసిడెంటు, వైస్ ప్రెసిడెంటు పదవులు తప్ప అన్నీ తెరిచే ఉన్నాయి. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023 జనవరిలో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు.

అపోహ: గెలవడానికి డబ్బుంటే చాలు. థానేదార్ 2018లో సొంత డబ్బు కోటి డాలర్లకు పైగా పెట్టారు. మూడో స్థానం.

అపోహ: గ్రీన్ కార్డు వాళ్లు ఎన్నికల చందా ఇవ్వకూడదు. ఇవ్వొచ్చు. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లు మాత్రం అమెరికా ఎన్నికలకు పైసా ఇవ్వకూడదు. ఫ్రెండ్ పేరు మీద ఇప్పించడం కూడా నేరమే. జీతం లేకుండా వాలంటీర్‌గా తిరగొచ్చు.

అపోహ: ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత మూలాలవాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు) ఉంటే ఇండియాలో ఓటు, పోటీ రెండూ ఉంటాయి. రెండూ ఉండవు. అమెరికా పౌరుడిగా ప్రమాణం చేసిన రోజే భారత పౌరసత్వం పోతుంది, పాస్‌పోర్టు సరెండర్ చేయాలి. వేములవాడ ఎమ్మెల్యేగా గెలిచిన చెన్నమనేని రమేశ్ జర్మనీ పౌరసత్వం కేసు ఏళ్ల తరబడి కోర్టుల్లో నడిచింది కదా, మనవాళ్లు అది చూసి కూడా ఈ ప్రశ్న అడుగుతారు.

ఇది చదువుతూ "అయ్యో, నేను టిక్ పెట్టానేమో" అని గుండె దడదడలాడుతున్నవాళ్లు కొందరుంటారు. రాత్రిపూట గూగుల్ చేయకండి, ఆ భయం నేను రోజూ చూస్తాను. ఇక ఓటు వేయొద్దు. సొంతంగా ఎవరికీ లెటర్లు రాయొద్దు. ఎన్-400 వేసి ఉండకపోతే ఆపండి, వేసి ఉంటే ఇంటర్వ్యూకి ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి. వెళ్లేటప్పుడు ఆ ఓటరు కార్డు, అది వచ్చిన కవరు, ఐడీ కోసం వెళ్లిన రోజు ఇచ్చిన రసీదు అన్నీ తీసుకెళ్లండి. పారేయకండి.