పేగులోని కణితికి చక్కెర చేరే దారి

తీపికీ పెద్దపేగు క్యాన్సర్‌కూ సంబంధం ఏమిటని అడిగితే చాలాకాలం ఒకటే జవాబు వినిపించింది: తీపి ఎక్కువైతే ఒళ్లు వస్తుంది, ఇన్సులిన్ పెరుగుతుంది, వాటితో ముప్పూ పెరుగుతుంది. మనం తాగిన చక్కెరను కణితే నేరుగా పీల్చుకుంటుందా అన్న ప్రశ్న ఆలస్యంగా వచ్చింది.

దానికి బీజం మాత్రం పాతదే. క్యాన్సర్ కణాలు ఆక్సిజన్ అందుతున్నా గ్లూకోజ్‌ను విపరీతంగా వాడుకుని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయని 1920లలో జర్మన్ శాస్త్రవేత్త ఆటో వార్‌బర్గ్ గమనించారు. ఒంట్లో ఏ భాగం గ్లూకోజ్‌ను ఎక్కువగా పీల్చుకుంటోందో చూపే నేటి పెట్ స్కాన్ కణితులను పట్టుకునేది ఈ ఆకలి ఆధారంగానే. కానీ గ్లూకోజ్ రక్తంలో ఎప్పుడూ ఉంటుంది. మనం తినకపోతే కాలేయమే తయారుచేస్తుంది. అందుకే కణితిని మాడ్చాలని రోగులు తిండి తగ్గించుకుంటే చిక్కిపోయేది వాళ్లే. ఈ మాట వాళ్లకు ఎవరైనా గట్టిగా చెప్పాలి.

పండ్లలో ఉండే మరో రకం చక్కెర ఫ్రక్టోజ్ కథ వేరు. కొద్దిగా తీసుకుంటే చిన్నపేగే దాన్ని చాలావరకు గ్లూకోజ్ వంటి వాటిగా మార్చేస్తుందనీ, మోతాదు మించితే మిగిలింది కాలేయానికీ పెద్దపేగుకూ చేరుతుందనీ 2018లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో తేలింది. అప్పటికే మొక్కజొన్న నుంచి తీసే, ఫ్రక్టోజ్, గ్లూకోజ్ కలిసిన కార్న్ సిరప్ అమెరికా కూల్‌డ్రింకుల్లో దశాబ్దాలుగా పాతుకుపోయి ఉంది.

2019లో అమెరికాలోని శాస్త్రవేత్తలు లూయిస్ క్యాంట్లీ, జిహే యున్ బృందాల పరిశోధన ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. కణితులను అడ్డుకునే ఏపీసీ జన్యువు తొలగించడం వల్ల పేగులో కణితులు పుట్టే ఎలుకలకు వాళ్లు రోజూ కొద్దిపాటి కార్న్ సిరప్ పట్టించారు. ఎలుకలు లావెక్కలేదు. కణితులు మాత్రం పెద్దవయ్యాయి, మరింత ముదిరాయి. పేగులోంచి ఫ్రక్టోజ్‌నూ, రక్తంలోంచి గ్లూకోజ్‌నూ అవి రెండు వైపులా లాక్కున్నాయి. లోపలికి వెళ్లిన ఫ్రక్టోజ్‌కు కీటోహెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ ఫాస్ఫేట్‌ను తగిలిస్తుంది. దాంతో గ్లూకోజ్ వినియోగం జోరందుకుని, కణితి ఎదుగుదలకు కావలసిన కొవ్వు ఆమ్లాలు తయారవుతాయి. ఆ ఎంజైమ్‌ను తీసేసిన ఎలుకల్లో సిరప్ ప్రభావం కనిపించలేదు. నా దృష్టిలో ఈ పరిశోధన మొత్తానికి గట్టి సాక్ష్యం ఇదే.

మనుషుల విషయంలో ఆధారాలు ఇంత సూటిగా లేవు. రోజుకు రెండు లేదా అంతకంటే ఎక్కువ తీపి పానీయాలు తాగే మహిళల్లో 50 ఏళ్ల లోపు వచ్చే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు, వారానికి ఒకటి కూడా తాగనివారితో పోలిస్తే రెట్టింపుకు పైగా ఉందని అమెరికా నర్సుల మీద చేసిన అధ్యయనం 2021లో తేల్చింది. అయితే అందులో కనిపించిన కేసులు 109 మాత్రమే. పైగా అలాంటి అధ్యయనం సంబంధాన్ని చూపగలదు గానీ, వాళ్ల పేగుల్లో కణితి నిజంగా ఏం పీల్చుకుందో చూపలేదు.