ఛాలెంజ్ ఓటు, టెండర్ ఓటు, నోటా: పోలింగ్ రోజు తిరిగే అపోహలు, అసలు నియమాలు

పోలింగ్‌కు రెండు రోజుల ముందు ప్రతిసారీ ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. "జాబితాలో మీ పేరు లేదా? కంగారు పడకండి, ఆధార్ చూపించి సెక్షన్ 49ఏ కింద ఛాలెంజ్ ఓటు అడగండి. మీ ఓటు ఎవరైనా వేసేశారా? టెండర్ ఓటు అడగండి. ఒక బూత్‌లో 14 శాతం టెండర్ ఓట్లు పడితే రీపోలింగే." ఎన్నికల సంఘం ఖండించినా మరుసటి ఎన్నికలకు మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. ఇందులో చెప్పినవి దాదాపు అన్నీ తప్పు. పోలింగ్ కేంద్రంలో జరిగే గొడవల్లో చాలావాటికి మూలం ఈ మెసేజే కాబట్టి దీనితోనే మొదలుపెడదాం.

అపోహ: జాబితాలో పేరు లేకపోయినా ఆధార్ చూపించి ఛాలెంజ్ ఓటు వేయొచ్చు

పేరు లేకపోతే ఓటు లేదు. బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ అధికారికి జాబితాలో పేరు చేర్చే అధికారం లేదు, కలెక్టరు ఫోన్ చేసినా ఆ రోజు చేర్చలేరు. నామినేషన్ల చివరి రోజుతోనే ఆ ఎన్నికకు జాబితా మూసుకుపోతుంది. పేరు చేర్చమని కోరే ఫారం 6 పెట్టాక అభ్యంతరాలకు వారం గడువు ఇవ్వాలి, తర్వాత విచారణ ఉంటుంది. అందుకే నామినేషన్ల ఆఖరి తేదీకి కనీసం పది రోజుల ముందే దరఖాస్తు చేరాలి. చివరి రోజు ఆన్‌లైన్‌లో నొక్కి రసీదు నంబరు చేతిలో పెట్టుకుని పోలింగ్ రోజు వచ్చేవాళ్లు ప్రతిసారీ ఉంటారు. ఆ రసీదుతో ఓటు రాదు.

ఇక మెసేజ్‌లో చెప్పే 49ఏ సంగతి. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49ఏ అనేది ఓటింగ్ యంత్రం రూపకల్పన ఎలా ఉండాలో చెప్పే నియమం. దానికీ మీ ఓటుకూ సంబంధం లేదు.

ఛాలెంజ్ అనేది నిజంగానే ఉంది. కానీ అది ఓటరు వాడుకునే హక్కు కాదు, ఓటరు మీద అభ్యర్థి తరఫు ఏజెంటు లేవనెత్తే అభ్యంతరం. "ఈ వచ్చిన మనిషి ఆ పేరు గల మనిషి కాదు" అని పోలింగ్ ఏజెంటుకు అనుమానం వస్తే, ఒక్కో ఓటరుకు 2 రూపాయలు కట్టి సవాలు చేస్తాడు. ప్రిసైడింగ్ అధికారి ముందుగా దొంగ ఓటుకు పడే శిక్షేమిటో ఓటరుకు చెప్పి, ఫారం 14లో పేరు రాసుకుని, ఆధారం చూపమని ఏజెంటును అడుగుతారు. ఏజెంటు చూపలేకపోతే సవాలు అక్కడితో ఆగిపోతుంది. ఆధారం ఉందనిపిస్తే ఓటరును తన గుర్తింపు నిరూపించుకోమంటారు. నిజమైన ఓటరే అని తేలితే అందరిలాగే యంత్రం మీదే ఓటు వేస్తారు. కాదని తేలితే పోలీసులకు అప్పగించాలి. ఊరికే వేధించడానికి సవాలు చేశారనిపిస్తే ఆ 2 రూపాయలు ప్రభుత్వానికి జమవుతాయి. ఈ విచారణ గుర్తింపు గురించి మాత్రమే. "ఇతనికి పద్దెనిమిదేళ్లు నిండలేదు", "ఈమె పెళ్లై వేరే ఊరు వెళ్లిపోయింది" అనే వాదనలు అక్కడ చెల్లవు. జాబితాలో ఉన్న పేరు తప్పా ఒప్పా అని తేల్చే చోటు పోలింగ్ కేంద్రం కాదు.

అపోహ: టెండర్ ఓట్లు 14 శాతం దాటితే రీపోలింగ్

ఏ చట్టంలోనూ ఇలాంటి శాతం లేదు. అసలు 14 శాతం లెక్కే కుదరదు. ఒక్కో పోలింగ్ కేంద్రానికి సాధారణంగా ఇచ్చే టెండర్డ్ బ్యాలెట్ పేపర్లు 20. వెయ్యి ఓట్లు పోలైన బూత్‌లో అన్నీ వాడేసినా 2 శాతమే.

మీరు వెళ్లేసరికి మీ పేరు మీద ఇంకెవరో ఓటేసి ఉంటే, మీరే అసలు ఓటరని ప్రిసైడింగ్ అధికారి నాలుగు ప్రశ్నలడిగి నిర్ధారించుకుంటారు. తర్వాత ఫారం 17బిలో సంతకం తీసుకుని కాగితం బ్యాలెట్, బాణం క్రాసు గుర్తున్న రబ్బరు స్టాంపు ఇస్తారు. గది లోపల ముద్ర వేసి, మడిచి తిరిగి ఇవ్వాలి. అది విడిగా ఒక కవరులోకి వెళ్తుంది. యంత్రం మీద మాత్రం ఓటు వేయనివ్వరు. ఇక్కడ సిబ్బంది చేసే పెద్ద తప్పు జాలిపడి యంత్రం మీద వేయనివ్వడం. అలా చేస్తే సాయంత్రం ఓటేసినవాళ్ల వివరాలు రాసే 17ఏ రిజిస్టరులోని సంఖ్యకూ యంత్రంలోని కంట్రోల్ యూనిట్ చూపే మొత్తానికీ పొంతన కుదరదు.

చాలామందికి మింగుడుపడని విషయం ఒకటుంది. ఓట్ల లెక్కింపులో ఆ కవరు తెరవరు. ఫలితం మీద కేసు పడి, కోర్టు ఆదేశిస్తేనే బయటికి వస్తుంది. అయినా వేయడం వృథా కాదు. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో కాంగ్రెస్ నేత సీపీ జోషి ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయారు. ఆ కేసులో ఈ టెండర్ ఓట్ల వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

అపోహ: ఓటరు స్లిప్పు ఉంటే చాలు, ఏఎస్‌డీ జాబితాలో పేరుంటే ఓటు పోయినట్టే

రెండూ తప్పే. బీఎల్వో (బూత్ స్థాయి అధికారి) ఇచ్చే స్లిప్పు మీ వరుస సంఖ్య వెతకడానికి పనికొస్తుంది గానీ, 2019 నుంచి దాన్ని గుర్తింపు పత్రంగా ఒప్పుకోవడం లేదు. ఓటరు కార్డు గానీ, ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, పాన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాసుబుక్కు లాంటి వాటిలో ఒకటి గానీ ఉండాలి. కార్డు వేరే నియోజకవర్గంలో జారీ అయినదైనా పర్వాలేదు, పేరు మాత్రం ఈ బూత్ జాబితాలో ఉండాలి.

ఊళ్లో లేనివాళ్లు, మారిపోయినవాళ్లు, చనిపోయినవాళ్లు అని బీఎల్వో రాసిచ్చే విడి జాబితానే ఏఎస్‌డీ. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ ఓటు కోసం సొంతూరు వచ్చేవాళ్ల పేర్లు ఇందులో ఎక్కువగా కనిపిస్తాయి. ఓటేయకుండా ఆపడానికి అది కారణం కాదు. గుర్తింపు పత్రం క్షుణ్ణంగా చూసి, ఏజెంట్లకు వినపడేలా పేరు చదివి, 17ఏలో సంతకంతో పాటు వేలిముద్ర కూడా తీసుకుని ఓటు వేయనివ్వాలి. ఆ విడి జాబితా చూపించి ఎవరైనా వెనక్కి పంపితే ప్రిసైడింగ్ అధికారితోనే మాట్లాడండి, తలుపు దగ్గర వాదించి లాభం లేదు.

అపోహ: నోటాకు ఎక్కువ ఓట్లు వస్తే ఎన్నిక రద్దు

2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు తీర్పుతో నోటా వచ్చింది. లోక్‌సభ, శాసనసభ ఎన్నికల్లో నోటాకు అందరికన్నా ఎక్కువ పడినా, అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచినట్టు. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రావాలి కదా, ఆ లెక్కలో కూడా నోటాను కలపరు. బరిలో ఒక్కరే మిగిలితే పోలింగే ఉండదు కాబట్టి నోటా నొక్కే అవకాశమే రాదు. 2024లో సూరత్ లోక్‌సభ స్థానంలో అదే జరిగింది.

మరి "ఎన్నిక రద్దు" మాట ఎక్కడి నుంచి పుట్టింది? 2018లో మహారాష్ట్ర, హరియాణా రాష్ట్ర ఎన్నికల సంఘాలు తమ స్థానిక ఎన్నికల్లో నోటాకు ఎక్కువ వస్తే మళ్లీ ఎన్నిక పెట్టాలని ఆదేశాలిచ్చాయి. ఆ వార్తే ఊరూరా తిరిగి దేశమంతటి నియమమైపోయింది.

అపోహ: యంత్రంలో ముందే 50 ఓట్లు వేసి పెడతారు

ఇందులో సగం నిజముంది, అందుకే నమ్మేవాళ్లూ ఎక్కువ. పోలింగ్ మొదలవడానికి 90 నిమిషాల ముందు ఏజెంట్ల ఎదుట మాక్ పోల్ (నమూనా పోలింగ్) మొదలవుతుంది, కనీసం 50 ఓట్లు వేసి చూస్తారు. నోటాతో సహా ప్రతి బటనూ నొక్కాలి. తర్వాత క్లోజ్, రిజల్ట్, క్లియర్ బటన్లు అదే వరుసలో నొక్కి, వీవీప్యాట్ (ఓటు ఏ గుర్తుకు పడిందో చీటీ మీద చూపే యంత్రం) స్లిప్పులతో సరిచూసి, స్లిప్పులన్నీ బయటికి తీసి, వెనక మాక్ పోల్ ముద్ర వేసి నల్ల కవరులో పెట్టి సీలు చేస్తారు.

ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. హడావిడిలో క్లియర్ మర్చిపోతే ఆ 50 ఓట్లు అసలు ఓట్లతో కలిసిపోతాయి. సాయంత్రం క్లోజ్ నొక్కడం మర్చిపోతే లెక్కింపు బల్ల మీద యంత్రం ఫలితం చూపదు. అలాంటి యంత్రాలను పక్కన పెడతారు. గెలుపు తేడా ఆ బూత్‌ల మొత్తం ఓట్ల కన్నా ఎక్కువైతే వాటి వల్ల ఫలితం మారదు. ఏజెంటుగా కూర్చునేవాళ్లు ఉదయం క్లియర్ నొక్కాక తెర మీద మొత్తం సున్నా చూడాలి, సాయంత్రం బూత్‌లో పోలైన ఓట్ల లెక్క ఉండే ఫారం 17సి నకలు చేతికి తీసుకుని గానీ లేవకూడదు. లెక్కింపు రోజు పనికొచ్చేది ఆ కాగితమే. టిఫిన్లు, భోజనాల ఏర్పాట్ల మీద పెట్టే శ్రద్ధలో సగం దీని మీద పెట్టే ఏజెంట్లు తక్కువ.

వీవీప్యాట్‌లో వేరే గుర్తు పడిందని అనుమానమొస్తే గట్టిగా అరవక్కర్లేదు. రాతపూర్వకంగా ఇస్తే ఏజెంట్ల ముందు మీతో పరీక్ష ఓటు వేయిస్తారు. ఆరోపణ నిజమైతే ఆ యంత్రం మీద పోలింగ్ ఆపేస్తారు. అబద్ధమని తేలితే శిక్ష ఉంది. స్లిప్పు అద్దం వెనక కనిపించేది 7 సెకన్లే, బటన్ నొక్కగానే తల తిప్పేసి తర్వాత అనుమానపడితే లాభం లేదు.

అపోహ: తేడా తక్కువైతేనే పోస్టల్ బ్యాలెట్లు లెక్కిస్తారు

ఉదయం 8 గంటలకు మొదట లెక్కపెట్టేవి అవే. ఉద్యోగుల ఓట్లు చెల్లకుండా పోయేది ఎక్కువగా కవర్ల దగ్గరే. బ్యాలెట్ మాత్రమే లోపలి కవరు 13బిలో ఉండాలి. సంతకం, ధ్రువీకరణ ఉన్న 13ఏ డిక్లరేషన్ దాని బయట, పెద్ద కవరు 13సిలో ఉండాలి. డిక్లరేషన్‌ను లోపలి కవరులోకి తోసేస్తే, బయట అది కనిపించక లోపలి కవరు తెరవకుండానే పక్కన పడేస్తారు. బ్యాలెట్ మీద సంతకం పెట్టినా ఓటు చెల్లదు.

విదేశాల్లో ఉండి భారత పౌరసత్వం ఉంచుకున్న తెలుగువాళ్లకు ఇంకా పోస్టల్ సౌకర్యం లేదు. ఫారం 6ఏతో నమోదు చేసుకుని, పాస్‌పోర్టు పట్టుకుని సొంతూరి బూత్‌కు రావాల్సిందే.

అపోహ: ఓట్లు సమానంగా వస్తే మళ్లీ పోలింగ్

లాటరీయే. చీటీ ఎవరికి పడితే వారికి ఒక ఓటు అదనంగా వచ్చినట్టు లెక్కేసి గెలిచినట్టు ప్రకటిస్తారు. శాసనసభకైనా అంతే, సర్పంచ్ పదవికైనా అంతే. వందల ఓట్లుండే పంచాయతీ వార్డుల్లో ఇది అరుదేమీ కాదు.

పంచాయతీల్లో ఇంకో తికమక గుర్తుల దగ్గర. సర్పంచ్, వార్డు ఎన్నికలు పార్టీల్లేకుండా జరుగుతాయి, నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. ఉంగరం, కత్తెర లాంటి గుర్తులు అభ్యర్థుల పేర్ల తెలుగు అక్షర క్రమాన్ని బట్టి వస్తాయి. "ఫలానా పార్టీవాళ్లకు ఉంగరం ఇచ్చారు" అనే ప్రచారానికి ఆధారం లేదు. ఓటు కాగితం మీద వేస్తారు కాబట్టి ముద్ర ఒక్క గడిలోనే పడాలి. సిరా ఆరకముందే మడిస్తే ఎదుటి గడిలో మరక పడుతుందని భయపడతారు. అసలు ముద్ర ఎక్కడుందో స్పష్టంగా ఉంటే ఆ మరక వల్ల ఓటు చెడిపోదు. స్టాంపుకు బదులు వేలిముద్ర వేస్తే మాత్రం చెడిపోతుంది.