పునఃప్రయోగాల నివేదికలు: 53కి 6 నుంచి ఇప్పటివరకు

ప్రచురితమైన పరిశోధనల్లో ఎన్ని మళ్లీ చేసి చూస్తే నిలుస్తాయన్న చర్చ వచ్చినప్పుడల్లా 53కి 6 అన్న లెక్క వినిపిస్తుంది. దాన్ని 2012 మార్చిలో 'నేచర్' పత్రికలో క్యాన్సర్ పరిశోధకులు గ్లెన్ బెగ్లీ, లీ ఎలిస్ వెల్లడించారు. అమెరికా ఔషధ సంస్థ యామ్‌జెన్‌లో క్యాన్సర్ పరిశోధనకు బెగ్లీ నాయకత్వం వహించిన కాలంలో, కీలకమనుకున్న 53 పత్రాల ఫలితాలను అక్కడి శాస్త్రవేత్తలు సరిచూస్తే ఆరింటివే నిర్ధారణ అయ్యాయి. అయితే ఆ పత్రాలేవో ఆ వ్యాసంలో లేదు. ఏ ప్రయోగాన్ని ఎలా చేశారో, ఎన్ని ఎలుకలపై చేశారో కూడా లేదు. కొన్నింటికి మూల రచయితలతో గోప్యత ఒప్పందాలు చేసుకోవలసి వచ్చిన మాట నిజమే. అయినా ఇతరుల పరిశోధన నిలవలేదని చెప్పే నివేదికను మాత్రం పాఠకులు ఆధారాలు చూడకుండానే ఒప్పుకోవలసి రావడం న్యాయం కాదు. అంతకుముందు ఏడాది జర్మన్ ఔషధ సంస్థ బేయర్ శాస్త్రవేత్తలు, ప్రచురిత ఫలితాలను సరిచూసిన తమ 67 ప్రాజెక్టుల గురించి రాసినప్పుడూ ఇదే లోటు.

2015లో 'సైన్స్' పత్రికలో వచ్చిన మనస్తత్వశాస్త్ర అధ్యయనం ఈ పద్ధతిని మార్చింది. 100 ప్రయోగాలను మళ్లీ చేసిన ఓపెన్ సైన్స్ కొలాబొరేషన్ అనే పరిశోధకుల బృందం డేటానూ, ప్రోటోకాళ్లనూ (ప్రయోగాన్ని ఎలా చేయాలో చెప్పే వివరమైన ప్రణాళికలు) అందరికీ అందుబాటులో ఉంచింది. వార్తల్లో మాత్రం మళ్లీ చేస్తే నిలిచినవి 36 శాతమన్న ఒక్క అంకే నిలిచింది. అది గణాంక సార్థకతను, అంటే ఫలితం కేవలం యాదృచ్ఛికం అనుకోలేనంత స్పష్టంగా ఉందా అన్నదాన్ని బట్టి తేలిన లెక్క. ప్రయోగం చేసిన బృందాల అంచనాను బట్టి చూస్తే 39 శాతం, మూల ఫలితం కొత్త ప్రయోగపు విశ్వాస అవధిలో (అసలు విలువ ఉండవచ్చని గణాంకాలు చెప్పే పరిధిలో) పడిందా అని చూస్తే 47 శాతం. ఏ కొలమానంతో కొలిచారో చెప్పకుండా శాతాన్ని మాత్రమే చెప్పడం పాఠకుణ్ణి తప్పుదారి పట్టించడమే. డేటా బయట ఉన్నందువల్లనే 2016లో మనస్తత్వవేత్త డేనియల్ గిల్బర్ట్ బృందం ఆ లెక్కలను తిరిగి విశ్లేషించి విమర్శించగలిగింది, దానికి రచయితలు జవాబూ ఇచ్చారు; యామ్‌జెన్ లెక్కపై అలాంటి వాదన సాధ్యమే కాలేదు.

క్యాన్సర్ జీవశాస్త్ర పరిశోధనలను మళ్లీ చేసి చూసేందుకు 2013లో మొదలైన ప్రాజెక్టు మరో అడుగు వేసి, ప్రయోగ ప్రణాళికలను ముందే సమీక్షకు పెట్టి 'ఈలైఫ్' పత్రికలో ప్రచురించింది. ఇక్కడా పత్రాలు 53. వాటిలోంచి ఎంచుకున్న ప్రయోగాలు 193. మూల రచయితలను అడగకుండా ప్రోటోకాల్ రాసుకోగలిగినంత వివరం వాటిలో ఒక్కదానికీ దొరకలేదు. అడిగితే కొందరు ఉదారంగా సాయపడ్డారు, కొందరు జవాబే ఇవ్వలేదు. చివరికి 23 పత్రాలలోని 50 ప్రయోగాలే పూర్తయ్యాయి. 2021లో ఫలితాలు ప్రకటించినప్పుడు ఆ బృందం వాటితోపాటే, మిగతా పని ముందుకు సాగకుండా అడ్డుపడిన ఇబ్బందులన్నిటినీ వివరిస్తూ వేరే పత్రాన్ని కూడా ప్రచురించింది.